ఆ వాన కొంచెం ముందే ఆగాల్సింది

ప్రశ్న: నమస్కారమండీ. నాకు 31 ఏళ్లు. మాది హైదరాబాద్, చిక్కడపల్లి. నాన్న కర్ణాటక సంగీత విద్వాంసులు. వాద్యం పేరు రాస్తే ఎవరో ఇట్టే తెలిసిపోతుంది కాబట్టి రాయడం లేదు. త్యాగరాయ గానసభలోనైనా రవీంద్రభారతిలోనైనా నాన్న కచేరీ అంటే ఇప్పటికీ హాలు నిండుతుంది. నాకు ఐదో ఏట సరళీ స్వరాలు మొదలుపెట్టించారు. వర్ణాలు దాటి కృతుల్లోకి వచ్చాక పదహారో ఏట మానేశాను. రాక కాదు. నేను వాయిస్తుంటే నాన్న వాయించినట్టు వినపడాలని నా చెవి కోరేది, వినపడేది కాదు. ఆ రెంటి మధ్యా నలిగిపోయాను.

మాసబ్‌ట్యాంక్‌లో బీఎఫ్‌ఏ చేశాను. కొన్నాళ్లు సినిమా టైటిల్స్, పోస్టర్లు డిజైన్ చేశాను. ఓసారి స్నేహితురాలి వెంట కృష్ణానగర్‌లో డబ్బింగ్ థియేటర్‌కి వెళితే, రావాల్సినమ్మాయి రాలేదని నా చేత నాలుగు డైలాగులు చెప్పించారు. అప్పటినుంచి సీరియళ్లకు డబ్బింగ్ చెబుతున్నాను. ఇప్పుడు నా ఖర్చులు వెళ్లేది దానిమీదే. నాటకాలకు సౌండ్ చేస్తాను. రెండేళ్లుగా తోలుబొమ్మలతో ఇరవై నిమిషాల సినిమా ఒకటి తీస్తున్నాను. అది సగంలో ఉంది. డబ్బింగ్ షెడ్యూల్ వచ్చినప్పుడల్లా ఆగిపోతుంది.

సభల్లో పెద్దవాళ్లు కనపడితే "నాన్నగారి విద్య ఎవరికి దక్కుతుందమ్మా?" అంటారు. అమ్మేమో "ఏదో ఒకటి పట్టుకోవే" అంటుంది. నాన్న ఏమీ అనరు. కిందటేడు నేను సౌండ్ చేసిన నాటకానికి వచ్చి, ఇంటికెళ్లాక "ఆ వాన కొంచెం ముందే ఆగాల్సింది" అన్నారు. అంతే, ఇంకో మాట లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇప్పుడు ఒక ఓటీటీ వాళ్లు సంగీత కుటుంబాల మీద షో చేస్తూ నన్ను యాంకర్‌గా అడుగుతున్నారు. ఫలానావారి అమ్మాయినని అడుగుతున్నట్టు వాళ్లే చెప్పారు. నాన్న పాత కచేరీ క్యాసెట్లు కూడా ఇమ్మంటున్నారు. డబ్బు బాగుంది. ఇన్నాళ్లూ టైటిల్ కార్డుల్లో ఇంటిపేరు లేకుండా పొడి అక్షరాలే వేయించుకున్నదాన్ని. ఇప్పుడు ఒప్పుకుంటే చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకున్నట్టే కదా? అసలు నేను దేనికీ కాకుండా పోతున్నానా? నాన్నతో ఎలా మాట్లాడాలి?

— పేరు వద్దన్న పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: మీరు రెండు ముక్కల్లో తేల్చేసిన ఆ వాన దగ్గరే మొదలుపెడతాను. మిగతా ప్రశ్నలకు దారి అక్కడినుంచే కనపడుతోంది.

నాటకం చూస్తున్నప్పుడు వాన చప్పుడు ఎప్పుడు ఆగిందో ఎవరు గమనిస్తారు? అందరి కళ్లూ నటుల మీద ఉంటాయి. వాన వస్తే వచ్చిందనుకుంటారు, ఆగితే ఆగిన సంగతే తెలియదు. మీ నాన్నగారు మాత్రం ఆ వానని మొదటినుంచి చివరిదాకా విన్నారు. ఎక్కడ ఎత్తుకుందో, ఏ డైలాగు కింద తగ్గిందో, ఎక్కడ ముగియాలో, ఎక్కడ ముగిసిందో పట్టుకున్నారు. మృదంగం మీద ముక్తాయింపు అర అక్షరం అటూ ఇటూ అయితే కచేరీ అయ్యాక పక్కవాద్యం ఆయనతో ఎలా అంటారో మీతోనూ అలాగే అన్నారు. అమ్మాయి సరదాకి చేసుకుంటున్న పని అని అనుకుని ఉంటే "బాగుందమ్మా" అని భోజనానికి కూర్చునేవారు. సంగీతం నడిచే ఇళ్లలో చూడండి, వచ్చినవాళ్లను మెచ్చుకుని పంపిస్తారు, తప్పు చూపించేది మాత్రం శిష్యులకే. మీకు నిద్ర పట్టనివ్వని ఆ మాట, నేను చదివినంతలో, ఆయన మీ పనిని పనిగా లెక్కపెట్టారనడానికి గుర్తు.

ఇక్కడ మిమ్మల్ని ఒకటి అడగాలి. ఆ మాట నిజమో కాదో మీరు చూసుకున్నారా? ఆ సన్నివేశం రికార్డింగ్ ఉంటే తీసి వినండి. వాన నిజంగానే ఎక్కువసేపు సాగి నటుడి మౌనాన్ని తినేసిందా? అయితే మంచి పాఠం ఉచితంగా దొరికింది. లేదు, ఆ చప్పుడు అంతసేపు ఉండటానికి మీకొక కారణం ఉందా? అయితే వెళ్లి ఆయనకు చెప్పండి. "నాన్నా, వాన అక్కడ ఆపితే ఆ తల్లి పాత్ర ఒంటరితనం తెలియదు, అందుకే లాగాను" అనండి. ఒప్పుకుంటారో, వాదిస్తారో. ఏదైనా అది ఇద్దరు కళాకారుల మధ్య మాట అవుతుంది. "నాన్నతో ఎలా మాట్లాడాలి" అన్నారు. మాట ఆయన కిందటేడే మొదలుపెట్టారు. జవాబు మీ వైపునుంచి బాకీ.

ఇక సభల్లో పెద్దవాళ్ల ప్రశ్న. వాళ్ల ఆవేదన అబద్ధం కాదు. ఒక బాణీ ఆయనతోనే ఆగిపోతే నష్టం మనందరిదీ. కానీ బాణీ రక్తంలో వెళుతుందని ఎవరు చెప్పారు? త్యాగరాజస్వామికి ఉన్నది ఒక్క కూతురు. ఆయన కృతులు మన దాకా వచ్చింది వంశం ద్వారా కాదు. వాలాజాపేట వాళ్లు, ఉమయాళ్పురం వాళ్లు, తిల్లైస్థానం వాళ్లు, ఆ శిష్యులు తాళపత్రాల మీద రాసుకుని, గొంతుల్లో దాచుకుని మనకు అందించారు. మీ నాన్నగారి దగ్గర శిష్యులు ఉండే ఉంటారు. ఈసారి ఎవరైనా అడిగితే వాళ్ల పేర్లు చెప్పండి. "ఫలానా అబ్బాయి నాన్న దగ్గర బాగా వాయిస్తున్నాడు, వచ్చే నెల గానసభలో ఉంది, రండి" అనండి. ఆ అబ్బాయికీ మేలు చేసినవారవుతారు. పండిత పుత్రుడి మీద మనవాళ్లు కట్టిన మోటు సామెత ఒకటుంది, మీరూ వినే ఉంటారు. దాన్ని చెవిన పెట్టకండి. తండ్రి ఎంత ఎత్తుకు వెళితే అంతగా పిల్లల్ని కుంగదీసే మాట అది.

"ఏదో ఒకటి పట్టుకో" అన్న అమ్మగారి మాటను మాత్రం అంత తేలిగ్గా తీసెయ్యను. ఆవిడ భయమంతా డబ్బు గురించి, రేపటి గురించి. ఆ సంగతి కొంచెం ఆగి చెబుతాను. కళ విషయంలో మాత్రం ఆ సలహా మన సంప్రదాయానికే పొసగదు. హరికథ చూడండి. ఒక్క మనిషి కాలికి గజ్జె కట్టి, చేత చిరతలు పట్టి, పాడాలి, పద్యం చదవాలి, పిట్టకథ చెప్పి నవ్వించాలి, మరుక్షణం సీతమ్మ అయి ఏడవాలి. ఆదిభట్ల నారాయణదాసుగారు హరికథకు పితామహులు. వీణ వాయించారు, సంస్కృతంలోనూ అచ్చ తెలుగులోనూ కావ్యాలు రాశారు, ఉమర్ ఖయ్యామ్ రుబాయీలను ఆ రెండు భాషల్లోకీ తెచ్చారు. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టినప్పుడు తొలి ప్రిన్సిపాల్ ఆయనే. ఒకటే పట్టుకోమని ఆయనకు చెప్పినవాళ్లెవరైనా ఉంటే మనకు హరికథే మిగిలేది కాదు. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారి తండ్రి వేణువు విద్వాంసులు, తల్లి వీణ వాయించేవారు. ఆయన గాయకుడయ్యారు, వయోలా పట్టారు, మృదంగం, కంజీర వాయించారు, కొత్త రాగాలు కట్టారు, 1967లో భక్త ప్రహ్లాదలో నారదుడి వేషమూ వేశారు.

ఎస్పీ బాలసుబ్రహ్మణ్యంగారి నాన్న సాంబమూర్తిగారు హరికథకులు. కొడుకు హరికథ చెప్పలేదు. కానీ ఆయన పాడిన పాటలో నటన వినపడుతుంది కదా, అది ఎక్కడినుంచి వచ్చిందంటారు? పాడారు, సంగీతం కట్టారు, నటించారు, డబ్బింగ్ చెప్పారు. 2008లో దశావతారం తెలుగులో వచ్చినప్పుడు కమల్ హాసన్ వేసిన పది పాత్రల్లో ఏడింటికి బాలుగారి గొంతే. మైకు ముందు నిలబడి, పెదాల కదలిక చూస్తూ, ఒక్కో పాత్రకు ఒక్కో ఊపిరి మార్చుకోవడం ఎంత కష్టమో మీకు నేను చెప్పక్కర్లేదు. మీరు చేస్తున్నది చిన్న పని అని ఎవరైనా అంటే ఈ ఒక్క సంగతి చెప్పండి చాలు.

అంతకన్నా మీకు దగ్గరగా వచ్చే కథ ఘంటసాలగారి అబ్బాయి రత్నకుమార్‌గారిది. ఆలోచించండి, ఘంటసాల అన్న పేరు పక్కన తెలుగులో ఎవరు పాడితే నిలుస్తుంది? ఆయన పాటకు ఎవరూ పోటీ రాలేరు, కొడుకు అసలే రాలేడు. ఏ వేదిక ఎక్కినా జనం వినేది కొడుకుని కాదు, వాళ్ల గుర్తులో ఉన్న తండ్రిని. ఆ రత్నకుమార్‌గారు మాటకు గొంతు ఇచ్చారు. తెలుగు, తమిళం కలిపి వెయ్యికి పైగా సినిమాలకు డబ్బింగ్ చెప్పారు, సినిమాలకు సంభాషణలూ రాశారు. 2021 జూన్‌లో చెన్నైలో ఆయన పోయినప్పుడు వచ్చిన వార్తలన్నీ ఘంటసాల కుమారుడు అనే మొదలయ్యాయి, నిజమే. కానీ రెండో వాక్యం నుంచీ అంతా ఆయన పనే. తండ్రి దగ్గరనుంచి ఆయన తీసుకున్నది పాట కాదు, గొంతు. దాన్ని తనకు ఊపిరాడే చోటికి తీసుకెళ్లారు. మీరు పదహారో ఏట వాద్యం కింద పెట్టినప్పుడు చేసింది కూడా అదేనని నాకు అనిపిస్తుంది. నాన్నలా వినపడటం లేదని అంత చిన్న వయసులో పట్టుకున్న చెవి మామూలు చెవి కాదు. ఆ చెవిని మీరు కింద పెట్టలేదు. డబ్బింగ్‌లో, నాటకాల సౌండ్‌లో దానితోనే బతుకుతున్నారు.

అందుకే మీరు నాలుగు పనుల్లో చెల్లాచెదురయ్యారని నేను అనుకోవడం లేదు. లెక్క వేస్తే ఉన్నవి రెండే. ఒకటి శబ్దం, రెండోది బొమ్మ. టైటిల్స్, పోస్టర్లలో బొమ్మ నేర్చుకున్నారు. డబ్బింగ్, నాటకాల్లో శబ్దం. తోలుబొమ్మలాటలో ఆ రెండూ ఒక్క తెర మీదికి వస్తాయి. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మల కుటుంబాలను చూడండి. మేక చర్మాన్ని పలుచగా గీకి, ఆరబెట్టి, బొమ్మ గీసి, సన్నని తూట్లు కొట్టి, రంగులు వేసేదీ వాళ్లే. రాత్రికి తెర వెనక దీపం ముందు ఆ బొమ్మను ఆడిస్తూ రాముడికీ రావణుడికీ కేతిగాడికీ గొంతు మార్చి మాట్లాడేదీ పాడేదీ కూడా వాళ్లే. వాళ్లనెవరూ ఏదో ఒకటి పట్టుకోమనరు. మీ సినిమాను మీరు నాలుగో వ్యాపకంగా రాశారు. నాకది మొదటి మూడూ ఎందుకు నేర్చుకున్నారో చెప్పే చోటులా కనపడింది.

మరి చిక్కు ఎక్కడుందంటే, ఆ ఒక్కటే సగంలో ఆగింది. ఇక్కడ కొంచెం గట్టిగా మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. పది పనులు చేసేవాళ్లని లోకం క్షమిస్తుంది. మనసు పెట్టిన పనినే ప్రతిసారీ పక్కన పెట్టేవాళ్లని వాళ్ల మనసే క్షమించదు. సీరియల్ డబ్బింగ్ ఎప్పుడూ ఉంటుంది. ఇవాళ ఎపిసోడ్ అయిపోతే రేపటిది సిద్ధంగా ఉంటుంది. అది ఖాళీ ఇచ్చాక సినిమా చేద్దామంటే మరో రెండేళ్లు గడిచిపోతాయి. నెలలో ఒక వారం డబ్బింగ్‌కి ఇవ్వనని ఇన్‌ఛార్జ్‌లకు ముందే చెప్పండి. ఆ వారంలో వచ్చే పేమెంటు పోతుంది, పోనివ్వండి. ఒకరిద్దరు మీ బదులు వేరే గొంతు చూసుకుంటారు, దానికీ సిద్ధపడండి. అందరూ మానెయ్యరు. పాత్రకు ఒకసారి కుదిరిన గొంతును మార్చడం వాళ్లకూ ఇష్టం ఉండదని మీకు తెలుసు.

అమ్మగారి భయం సంగతి చెబుతానన్నాను. మీ నాన్నగారి తరంలో చాలామంది విద్వాంసులకు ఆకాశవాణిలోనో, రామ్‌కోటి సంగీత కళాశాలలోనో, బ్యాంకులోనో నెల జీతం ఉండేది. కచేరీలు దానిమీద నిలబడ్డాయి. మీకు ఆ జీతం డబ్బింగ్. కాబట్టి దాన్ని తక్కువగా చూడకండి, జీతంలాగే చూసుకోండి. ఏ రోజు ఎన్ని సీన్లు చెప్పారో, ఎంత రావాలో, ఎంత వచ్చిందో పుస్తకంలో రాయండి. పేమెంటులో 10 శాతం టీడీఎస్, అంటే ముందుగానే పన్ను కోస్తే దాన్ని వదిలేసుకోకుండా ఆదాయపు పన్ను రిటర్న్ వేయండి. మీ ఆదాయాన్ని బట్టి వెనక్కి రావచ్చు. మూడు నెలల ఖర్చు పక్కన ఉంచి ఆ పాస్‌బుక్ అమ్మగారికి చూపించండి. "ఏదో ఒకటి పట్టుకో" అన్న మాట ఆవిడ నోట సగం తగ్గుతుంది.

వయసు గురించి మీరు నేరుగా అడగలేదు. కానీ మొదటి వాక్యంలోనే 31 అని రాశారంటే అది మనసులో తిరుగుతోందన్నమాట. ఇంగ్లండ్ గాయకుడు డేవిడ్ బోవీ పేరు వినే ఉంటారు. ఆయన కొడుకు డంకన్ జోన్స్ తత్త్వశాస్త్రం చదివాడు, పీహెచ్‌డీలో చేరి మధ్యలో వదిలేశాడు, లండన్‌లో ఫిల్మ్ స్కూలుకు వెళ్లాడు, యాడ్ ఫిల్ములు తీశాడు. తొలి సినిమా మూన్ 2009లో థియేటర్లకు వచ్చేనాటికి అతనికి 38 ఏళ్లు. చిన్న బడ్జెట్, దాదాపు ఒక్క నటుడితో నడిచే సినిమా. తొలి ప్రయత్నానికి బ్రిటన్ సినిమా అవార్డు బాఫ్టా ఇచ్చారు. అతని కథలో మీకు పనికొచ్చేది ఇంకొకటి కూడా ఉంది. బోవీ అన్నది తండ్రి రంగస్థలం పేరు, అసలు ఇంటిపేరు జోన్స్. కొడుకు ఆ అసలు ఇంటిపేరుతోనే పనిచేశాడు. ఎవరి కొడుకో లోకానికి తెలియకుండా పోయిందా? తెలిసింది. సినిమా బాగుంది కాబట్టి ఆ సంగతి పక్కకు తప్పుకుంది.

పొడి అక్షరాల వెనక దాక్కోవడం ఇక చాలించండి. ఫిల్మ్‌నగర్‌లో, కృష్ణానగర్‌లో ఎవరు ఎవరి అమ్మాయో టీ తాగినంతసేపట్లో తెలిసిపోతుంది. తెలియదనుకుంటున్నది మీరొక్కరే. పేరు దాచుకున్నందువల్ల మీకు కలిగిన నష్టం ఏమిటో చూడండి. ఎవరైనా మెచ్చుకుంటే, నాన్న సంగతి తెలిసి మెచ్చుకున్నారా, తెలియకనా అన్న అనుమానం. తిట్టినా అదే అనుమానం. పూర్తి పేరు వేస్తే ఆ గొడవ తీరిపోతుంది. కీరవాణిగారి అబ్బాయిలిద్దరినీ చూడండి. 2019 డిసెంబరులో మత్తు వదలరాతో శ్రీసింహ హీరోగా వచ్చాడు. అదే సినిమాతో అన్న కాలభైరవ సంగీత దర్శకుడయ్యాడు. ఎవరి పిల్లలో దాచలేదు, దాచినా దాగదు. ఆ తర్వాత తండ్రి కట్టిన కొమురం భీముడో పాటకే కాలభైరవకు ఉత్తమ గాయకుడిగా జాతీయ అవార్డు వచ్చింది. పాట తండ్రిదే, గొంతు మాత్రం కొడుకుది. అవార్డు ఇచ్చింది గొంతుకు. తండ్రి పేరు మొదటిసారి తలుపు తీస్తుంది, అందులో సిగ్గుపడాల్సింది లేదు. రెండోసారి పిలిచేది మీ పని చూసే. మిమ్మల్ని కృష్ణానగర్‌లో ఎన్నోసార్లు పిలిచారు కదా?

ఇంత చెప్పి కూడా, యాంకర్ ఉద్యోగం ఇప్పుడు వద్దంటాను. చెట్టు, కాయల సామెతకు భయపడి కాదు. బాలుగారి అబ్బాయి ఎస్పీ చరణ్‌గారి సంగతి చూడండి. 1996లో మొదలైన పాడుతా తీయగాను బాలుగారు చివరిదాకా నడిపారు, 2020 సెప్టెంబరులో ఆయన పోయాక ఆ కుర్చీలో చరణ్ కూర్చున్నారు. తెలుగిళ్లలో ప్రతివాళ్లకూ తెలిసిన కుర్చీ, తప్పని పోలిక. కానీ అక్కడికి వచ్చేసరికే ఆయన గాయకుడు, నటుడు, నిర్మాత. ఆయన నిర్మించిన తమిళ సినిమా ఆరణ్య కాండం తొలి చిత్ర దర్శకుడికి జాతీయ అవార్డు తెచ్చింది. తన పని తన వెనక ఉంది కాబట్టి ఆ కుర్చీ ఆయన్ని మింగలేదు. మీ పేరు మీద మీరు చూపించుకోగల సినిమా ఇంకా సగంలో ఉంది. జనం మిమ్మల్ని మొట్టమొదట చూడటమే ఫలానావారి అమ్మాయిగా చూస్తే, తర్వాత వచ్చే తోలుబొమ్మల సినిమా కూడా ఫలానావారి అమ్మాయి సరదా అవుతుంది. క్రమం మారితే కథ మారుతుంది.

అలాగని ఆ షోకి మొత్తంగా కాదనకండి. వాళ్లకు సంగీతం నడిచే ఇళ్ల లోపలి సంగతి తెలిసిన మనిషి కావాలి. ఆ మనిషి మీరే. యాంకర్‌గా కాకుండా షో సౌండ్, టైటిల్స్ చేస్తానని, ఎపిసోడ్లకు ప్రశ్నలు రాస్తానని అడిగి చూడండి. ఒక విద్వాంసుడి ఇంట్లో తెల్లవారుజామున తంబురా శ్రుతి చేసుకునే చప్పుడు ఎలా ఉంటుందో, సాధన జరుగుతుండగా వంటింట్లో కుక్కర్ కూత పెడితే ఏమవుతుందో బయటివాళ్లకు తెలియదు. ఒప్పుకుంటే మీ చేతి పనికి డబ్బొస్తుంది. ఒప్పుకోకపోతే వాళ్లకు కావలసింది మీ ఇంటిపేరు మాత్రమే అని తేలిపోతుంది.

క్యాసెట్ల విషయంలో తొందరపడొద్దు. 2024లో చరణ్‌గారు, తన తండ్రి గొంతును కృత్రిమ మేధతో తిరిగి సృష్టించి కుటుంబాన్ని అడక్కుండా ఒక తెలుగు సినిమాలో వాడారని లీగల్ నోటీసు పంపిన సంగతి పేపర్లలో చదివే ఉంటారు. ఇవాళ కళాకారుల పిల్లల మీద ఈ కాపలా పని కూడా పడింది. త్యాగరాజ కృతికి కాపీరైట్ లేదు, నిజమే. కానీ దాన్ని ఫలానా రోజు మీ నాన్నగారు వాయించిన తీరు మీద ఆయనకు హక్కుంది. మన చట్టం ప్రకారం ప్రదర్శన ఇచ్చిన మరుసటి ఏడాది మొదలు నుంచి 50 ఏళ్లు అది నడుస్తుంది. ఆయన కులాసాగా ఉండగా ఆయన తరఫున మీరు సంతకం పెట్టకూడదు. ఆయనే చదివి, ఆయనే పెట్టాలి. ఏ క్యాసెట్‌లో ఏ భాగం, ఎన్ని నిమిషాలు, ఏ షోకి, ఎన్నేళ్లు అని కాగితం మీద రాయించండి. వాయిద్య ధ్వనిని కృత్రిమ మేధకు నేర్పడానికి వాడరాదని ఒక వాక్యం ఉండాలి. మీ డబ్బింగ్ అగ్రిమెంట్లలోనూ మీ గొంతు కోసం అదే వాక్యం అడగండి. శాశ్వతంగా, అన్ని మాధ్యమాల్లో అని కనపడితే లాయరుకు చూపించకుండా ముందుకు వెళ్లకండి.

దానికి ముందు ఆ క్యాసెట్లను ఇంట్లోనే కంప్యూటర్‌లోకి దించుకోండి. టేపు పాతబడేకొద్దీ, వేసిన ప్రతిసారీ కొంత పోతుంది. అందుకని టేప్ రికార్డర్ హెడ్ శుభ్రం చేసి, ఒకే విడతలో ఉన్నదున్నట్టుగా, నాయిస్ తగ్గించే ప్రయత్నాలేవీ లేకుండా 24 బిట్‌లో ఎక్కించండి. శుద్ధి తర్వాత కాపీ మీద చేసుకోవచ్చు. ఇది మీ వృత్తి, నాకన్నా మీకే బాగా తెలుసు. దించేటప్పుడు నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకోండి. ఏది బయటికి ఇవ్వొచ్చో, ఏది వద్దో ఆయన చెప్పాలి కాబట్టి ఆయన అక్కడ ఉండక తప్పదు. "ఇక్కడ శ్రుతి దిగింది", "ఆ రోజు జ్వరం", "ఈ చరణం దగ్గర తొందరపడ్డాను" అని తన తప్పులు తనే చెబుతారు చూడండి. వాన గురించి మీకు చెప్పాల్సిన జవాబు కూడా ఆ సమయంలో చెప్పేయండి.

ఒక్కో క్యాసెట్ మీద తేదీ, సభ పేరుతోపాటు ఆ రోజు పక్కవాద్యాలు ఎవరో తప్పకుండా రాయండి. ఆ వయొలిన్ ఆయనకు, మృదంగం ఆయనకు, ఘటం ఆయనకు కూడా అదే హక్కుంది. ఉన్నవాళ్లను ఫోన్ చేసి అడగాలి, పోయినవాళ్ల ఇంటివాళ్లను అడగాలి. ఆకాశవాణి రికార్డింగ్ అయితే ఆకాశవాణి అనుమతీ కావాలి. షో వాళ్లు మీ నాన్నగారికి ఇస్తామన్న మొత్తంలో పక్కవాద్యాల వాటా ఎంతో మొదటి సమావేశంలోనే అడగండి.